ఇంటా బయటా: ఫిజియోథెరపీ వికటిస్తే



పోయిన నెల బాల్కనీలో గోంగూర పెంచటం గురించి మేము రాసినదానికి చాలామంది ఫోన్లు చేశారు, సంతోషం. ఈ నెల మెంతికూర సంగతి రాద్దామనుకున్నాం. కాని మొన్న ఉగాది సంబరాలనాడు భోజనాల దగ్గర ఒక సోదరి మమ్మల్ని పక్కకి పిలిచి ఒక మాట అడిగారు. ఆ మాటకి నిలబడి సమాధానం చెప్పలేకపోయాం. అందుకని మెంతికూరని వచ్చే నెలకి వాయిదా వేస్తున్నాం.

ఆవిడ అడిగింది ఇది. వాళ్ళాయనకి భుజం నొప్పి. ఫిజియోథెరపీకి వెళ్తే, ఆరోసారి చెయ్యి గట్టిగా మెలితిప్పారట. అప్పటినుంచీ చెయ్యి పైకి లేవటం లేదు. స్కాను తీస్తే నరం చిరిగిందో, కండరం చిరిగిందో, ఏదో చెప్పారట. "హైదరాబాదులో అయితే కన్స్యూమర్ ఫోరానికి వెళ్ళేవాళ్ళం. ఇక్కడ ఎక్కడికి వెళ్ళాలండీ? అసలు వెళ్ళొచ్చా? ఊరుకుంటే మంచిదా?" అన్నారు.

ఊరుకుంటే మంచిదా అన్న ప్రశ్న మా ఇంట్లో కూడా ఒకప్పుడు వచ్చింది. దానికి మేము చెప్పుకున్న సమాధానం తప్పని తరవాత తెలిసింది. ఇన్నాళ్ళూ సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఈ నెల చెప్తున్నాం.

2021లో మా పెద్దావిడ తెనాలి నుంచి సూపర్ వీసా మీద వచ్చారు. మా ఇద్దరిలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు. మోకాళ్ళ నొప్పులు, దానికి తోడు ఇరవై ఏళ్ళ నుంచీ షుగరు. ఇంటికి దగ్గర్లో ఒక ప్లాజాలో ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్కుకి తీసుకెళ్ళాం. పేరు చెప్పం, ఇప్పుడు దానితో పని లేదు. మొదటిరోజు ఫారం మేమే నింపాం, షుగరు ఉందన్న గడిలో టిక్కు పెట్టాం. నాలుగోసారి వెళ్ళినప్పుడు అక్కడ పనిచేసే అమ్మాయి మోకాలికి వేడి కాపడం పెట్టి, పక్క గదిలో ఇంకొకరి దగ్గరకి వెళ్ళింది. షుగరు వల్ల పెద్దావిడకి కాళ్ళలో స్పర్శ తగ్గిపోయింది. కాసేపటికి ఆ అమ్మాయి తల లోపలికి పెట్టి "ఓకే?" అంది. ఈవిడ కూడా "ఓకే" అన్నారు. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషులో అది సగం.

సాయంత్రానికి మోకాలి పక్కన అరచెయ్యంత బొబ్బ. మూడోనాటికి పుండు. అది మానటానికి ఐదు నెలలు పట్టింది. ఫిబ్రవరిలో తెనాలిలో పెద్ద మనవరాలి పెళ్ళి. టిక్కెట్టు కొనుక్కుని, పట్టుచీర కూడా పెట్టెలో సర్దుకున్నారు. డాక్టరు ప్రయాణం వద్దన్నారు. పెళ్ళి ఫోనులో చూశారు. తలంబ్రాలప్పుడు కళ్ళు తుడుచుకుని, "కాలు బాగుంటే నేనే దగ్గరుండి పోయించేదాన్ని" అన్నారు. ఆ మాట మాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

మేము క్లినిక్కు మీద ఏదన్నా చెయ్యాలంటే ఆవిడ ఒప్పుకోలేదు. "పోనీండర్రా, ఆ పిల్ల పొట్ట కొట్టకండి. కావాలని చేసిందా ఏమన్నానా?" అన్నారు. మాకూ అదే బాగుందనిపించింది. పరాయి దేశం, ఆఫీసు పని, పిల్లల స్కూళ్ళు, మధ్యలో ఈ గొడవ ఎందుకు అనుకున్నాం. ఎనిమిది నెలలు అలా గడిచాయి.

తరవాత ఏం జరిగిందో చివర్లో చెప్తాం. ముందు ఈ మధ్యలో మేము నేర్చుకున్నది చెప్పాలి. మేము లాయర్లం కాము. ఇది అంటారియో సంగతి. మిగతా రాష్ట్రాల గురించి ఆఖర్న కొంచెం రాస్తాం.

మొట్టమొదట, ఏది నిర్లక్ష్యం, ఏది కాదు? మోకాలి ఆపరేషను తరవాత కాలు వంచితే ప్రాణం పోయినట్టు ఉంటుంది, అది వైద్యమే. కొత్త వ్యాయామం చేసిన మర్నాడు ఒళ్ళు నొప్పులు రావటం మామూలే. చేసిన వైద్యం ఫలించకపోవటం కూడా నేరం కాదు. ఆ పరిస్థితిలో ఒక జాగ్రత్త గల ఫిజియోథెరపిస్టు చేసేపని ఇక్కడ చెయ్యలేదు, దాని వల్లనే దెబ్బ తగిలింది అని చూపించగలిగితే అది నిర్లక్ష్యం. కోర్టులో అయితే నాలుగు సంగతులు రుజువు చెయ్యాలి. వాళ్ళకి మనపట్ల బాధ్యత ఉందని, ఆ వృత్తిలో ఉండవలసిన ప్రమాణానికి వాళ్ళ పని తగ్గిందని, మనకి నష్టం జరిగిందని, ఆ తప్పు వల్లనే ఈ నష్టం అని. మొదటిది తేలిక. చివరిదే కష్టం. "ముందునుంచీ ఉన్న జబ్బే ముదిరింది" అని అవతలివాళ్ళు అంటారు. దానికి జవాబు చెప్పటానికి అదే వృత్తిలో ఉన్న మరో నిపుణుడి అభిప్రాయం దాదాపు ఎప్పుడూ కావలసి వస్తుంది.

మా పెద్దావిడ విషయంలో ఉండవలసిన జాగ్రత్త చాలా చిన్నది. క్లినిక్కుల్లో వాడే కాపడం మూటలని దాదాపు 70 డిగ్రీల వేడినీళ్ళలో నానబెట్టి ఉంచుతారు. పొరలు పొరలుగా తువ్వాళ్ళు చుట్టి పెడతారు. పెట్టేముందు ఆ చోట వేడీ చల్లనా తెలుస్తున్నాయో లేదో పరీక్షించాలి. పెట్టిన కొద్ది నిమిషాలకి తువ్వాలు ఎత్తి చర్మం రంగు చూడాలి. స్పర్శ తగ్గిన షుగరు మనిషికి అసలు పెట్టకపోవటమే మంచిది. ఇది ఆ చదువులో మొదట్లో చెప్పే పాఠం.

ఇంకొక సంగతి, అంగీకారం. 1996లో వచ్చిన అంటారియో చట్టం ప్రకారం, ఏ వైద్యం చేసేముందైనా అది ఏమిటి, దానివల్ల లాభమేమిటి, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వేరే మార్గాలేమున్నాయి, అసలు చెయ్యకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి చెప్పాలి. ఫిజియోథెరపీకి కూడా ఇది వర్తిస్తుంది. మెడ పట్టి ఒక్కసారిగా విరిచే పద్ధతులకి మరీను. అది అందరూ చేసే పని కాదు, చట్టం దాన్ని ప్రత్యేకంగా అదుపులో ఉంచింది. కాబట్టి మెడ మీద చెయ్యి వేసేముందు "ఏం చెయ్యబోతున్నారు?" అని అడగటం అమర్యాద కాదు.

ఈ అంగీకారం విషయంలో కెనడా సుప్రీంకోర్టు 1980లో ఇచ్చిన రైబుల్ వర్సెస్ హ్యూజ్ తీర్పు మనబోటివాళ్ళు తెలుసుకోవలసినది. ఫోర్డు కంపెనీలో పనిచేసే 44 ఏళ్ళ మనిషికి 1970లో మెడలోని రక్తనాళానికి ఆపరేషను చేశారు. పక్షవాతం వచ్చి కుడిభాగం పడిపోయింది. పూర్తి పెన్షను రావటానికి ఇంకా ఏడాదిన్నరే ఉంది. పక్షవాతం వచ్చే ప్రమాదం ఉందని ముందే చెప్పి ఉంటే పెన్షను చేతికొచ్చేదాకా ఆగేవాణ్ణని అతని వాదన. ఆపరేషను చెయ్యటంలో పొరపాటు లేకపోయినా, చెప్పవలసింది చెప్పలేదు గనక డాక్టరుదే తప్పని కోర్టు తేల్చింది. కింది కోర్టు ఇచ్చిన 2,25,000 డాలర్ల పరిహారం నిలిచింది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి బోరా లాస్కిన్ ఇంకొక మాట కూడా అన్నారు. ఆ రోగికి ఇంగ్లీషు సరిగ్గా రాదని డాక్టరుకి తెలుస్తూనే ఉంది కాబట్టి, చెప్పింది అర్థమైందో లేదో చూసుకోవలసిన బాధ్యత డాక్టరుదే అని. మా పెద్దావిడ "ఓకే" గుర్తొచ్చి ఆ తీర్పు సంగతి మేము రెండుసార్లు చదువుకున్నాం.

ఇక వెళ్ళవలసిన చోట్లు. ఇవి మూడు నాలుగున్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క పని చేస్తుంది. ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు. మేము చేసిన తప్పు సరిగ్గా ఇక్కడే.

మొదటిది ఆ క్లినిక్కే. మన రికార్డు నకలు ఇమ్మని రాతపూర్వకంగా అడగాలి. కాయితం వాళ్ళది, అందులో సమాచారం చూసే హక్కు రోగిది అని 1992లో సుప్రీంకోర్టు మెకినర్నీ వర్సెస్ మెక్‌డొనాల్డ్ కేసులో చెప్పింది. అంటారియోలో 2004 నాటి ఆరోగ్య సమాచార చట్టం ప్రకారం మామూలుగా 30 రోజుల్లో ఇవ్వాలి. నకలుకి కొంత రుసుం తీసుకోవచ్చు. మాకు వచ్చిన కాయితాల్లో షుగరు దగ్గర మేము పెట్టిన టిక్కు ఉంది. స్పర్శ పరీక్ష రాయవలసిన చోట ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గడి చూశాకే మాకు కోపం వచ్చింది, అంతవరకూ బాధే. ఇక్కడ ఇంకో చిట్కా. వాళ్ళు క్షమాపణ చెప్తే దాన్ని తప్పు ఒప్పుకున్నట్టుగా కోర్టులో వాడటానికి 2009 నాటి అంటారియో చట్టం ఒప్పుకోదు. కనక వాళ్ళు భయం లేకుండా చెప్పొచ్చు, మనం మొహమాటం లేకుండా అడగొచ్చు. కాని ఫీజు వెనక్కిస్తామని ఏదన్నా కాయితం మీద సంతకం అడిగితే మాత్రం, ఇక ఏ హక్కూ లేదని అందులో రాసి ఉంటుందేమో చూడకుండా పెట్టకండి.

దెబ్బ తగిలింది ఆస్పత్రిలో అయితే, ప్రతి ఆస్పత్రిలోనూ రోగుల ఫిర్యాదులు వినే విభాగం ఉంటుంది. అక్కడ తేలకపోతే 2016 నుంచీ పనిచేస్తున్న పేషెంట్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ప్లాజాల్లో ఉండే ప్రైవేటు క్లినిక్కులు వారి పరిధిలోకి రావు.

రెండోది, కాలేజి ఆఫ్ ఫిజియోథెరపిస్ట్స్ ఆఫ్ అంటారియో. పేరు చూసి చదువు చెప్పే కాలేజి అనుకోకండి, మేము మొదట అలాగే అనుకున్నాం. ఇది ఆ వృత్తిని అదుపులో ఉంచే సంస్థ. ఫిజియోథెరపిస్టు అని చెప్పుకోవాలంటే ఇందులో నమోదై ఉండాలి. అందరి పేర్లూ, ఎవరిమీదన్నా క్రమశిక్షణ చర్యలు జరిగి ఉంటే అవీ అందరూ చూడగలిగే పట్టికలో ఉంటాయి. వెళ్ళేముందే చూసుకోవచ్చు. ఫిర్యాదుకి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, వీసా మీద వచ్చినవాళ్ళు కూడా చెయ్యొచ్చు. రాసి పంపాలి, లేదా రికార్డు చేసి పంపాలి. అవతలి వ్యక్తికి జవాబు ఇవ్వటానికి 30 రోజులుంటాయి. ఒక కమిటీ పరిశీలిస్తుంది. చట్టంలో 150 రోజులని ఉన్నా, ఎక్కువే పట్టొచ్చు. ఆ కమిటీ ఏమీ చెయ్యనవసరం లేదనొచ్చు, సలహా ఇవ్వొచ్చు, పిలిచి హెచ్చరించొచ్చు, మళ్ళీ శిక్షణ పొందమనొచ్చు, తీవ్రమైనదైతే క్రమశిక్షణ కమిటీకి పంపొచ్చు. నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లో వేరే బోర్డుకి పునఃపరిశీలన కోరవచ్చు.

మరి డబ్బు? కాలేజి మనకి ఒక్క డాలరు కూడా ఇప్పించలేదు. క్రమశిక్షణ కమిటీ 35,000 డాలర్ల దాకా జరిమానా వెయ్యొచ్చు గాని, అది ప్రభుత్వ ఖజానాకి పోతుంది. ఇంకొకటి, అక్కడ జరిగిన విచారణ కాయితాలని, నిర్ణయాన్ని సివిలు కోర్టులో సాక్ష్యంగా పెట్టటానికి వీల్లేదు. అక్కడ గెలిచాం కాబట్టి ఇక్కడా గెలిచినట్టే అనుకోకూడదు.

ఫిజియోథెరపీ ఒళ్ళు ముట్టుకుని చేసే వైద్యం. కనక ఒక మాట. ఆడవాళ్ళు ఆడ థెరపిస్టునే కోరవచ్చు, గదిలో మనవాళ్ళు ఒకరుండాలనవచ్చు. హద్దు మీరిన స్పర్శ అనిపిస్తే అది వేరే సంగతి, దానికి చట్టం చాలా కఠినం. కాలేజి ద్వారా మానసిక చికిత్సకి సహాయం కూడా ఉంది. అంటారియోలో లైంగిక దాడి మీద దావాకి గడువు లేదు. పరువు పోతుందని దాచుకోవద్దు.

మూడోది కోర్టు. నష్టపరిహారం ఇప్పించేది ఇదొక్కటే. ఫిజియోథెరపిస్టులకి వృత్తి బీమా తప్పనిసరి. కాబట్టి మన పెద్దావిడ అన్నట్టు ఆ పిల్ల పొట్ట కొట్టటం కాదు, ఆ డబ్బు మామూలుగా బీమా నుంచి వస్తుంది. కాపడం పెట్టింది సహాయకురాలైతే, ఆమె ఏ కాలేజీలోనూ నమోదై ఉండదు. ఆమెకి పని అప్పగించిన ఫిజియోథెరపిస్టుదే జవాబుదారీ. మా విషయంలో అదే జరిగింది.

చిన్న మొత్తాలకి స్మాల్ క్లెయిమ్స్ కోర్టు. దాని పరిమితి ఇదివరకు 35,000 డాలర్లు, 2025 అక్టోబరు 1 నుంచి 50,000. అక్కడ మనమే వాదించుకోవచ్చు, లేదా లైసెన్సు ఉన్న పారాలీగల్‌ని పెట్టుకోవచ్చు. అంతకు మించితే సుపీరియర్ కోర్టు, లాయరు. వైద్యం ఖర్చులు, పోయిన జీతం, ముందుముందు అయ్యే ఖర్చులు అడగవచ్చు. నొప్పికి, బాధకి ఇచ్చే సొమ్ముకి మాత్రం 1978లో సుప్రీంకోర్టు లక్ష డాలర్లని పై హద్దు పెట్టింది. ధరలతో పాటు పెరిగి అదిప్పుడు నాలుగు లక్షలు దాటింది. అది జీవితాంతం మంచాన పడినవాళ్ళకి, బొబ్బలకి కాదు. భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, తాత అమ్మమ్మలు, మనవలు, తోబుట్టువులు కూడా తమకి పోయిన తోడుకి కొంత అడగవచ్చని అంటారియో కుటుంబ చట్టంలో ఉంది.

ఖర్చు సంగతి కూడా ముందే తెలుసుకోండి. అమెరికాలో మామూలుగా ఎవరి ఖర్చు వాళ్ళది. ఇక్కడ ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ ఖర్చుల్లో కొంత కట్టవలసి వస్తుంది. స్మాల్ క్లెయిమ్స్‌లో అది సాధారణంగా అడిగిన మొత్తంలో 15 శాతం దాటదు. గెలిస్తేనే ఫీజు అన్న ఒప్పందం మీద లాయర్లు పనిచెయ్యొచ్చు. అయితే నిపుణుల నివేదిక ఖర్చు ఎవరిది, ఓడితే ఎవరు కట్టాలి అన్నవి కాయితం మీద రాయించుకోండి. తల్లిదండ్రులు ఇండియా వెళ్ళిపోయి అక్కణ్ణించి దావా వేస్తే, ఖర్చులకి హామీగా కొంత సొమ్ము ముందే కట్టమని అవతలివాళ్ళు కోర్టుని అడగవచ్చు. అది కూడా గుర్తుంచుకోవాలి. ఎవరిని పట్టుకోవాలో తెలియకపోతే లా సొసైటీ ఆఫ్ అంటారియో వారి రిఫరల్ సర్వీసు ఒక లాయరు పేరు ఇస్తుంది, వారితో అరగంట వరకూ ఉచితంగా మాట్లాడవచ్చు.

ఆ సోదరి అడిగిన కన్స్యూమర్ ఫోరం లాంటిది వైద్యం కేసులకి ఇక్కడ లేదు. మన దేశంలో 1986 చట్టం వచ్చాక, డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా సేవేనని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటినుంచీ మనవాళ్ళు అక్కడికి వెళ్ళటం అలవాటైంది. అక్కడ కూడా అంత తేలికేమీ కాదు. 1990లో హైదరాబాదు నిమ్స్‌లో ఒక ఇంజనీరింగు విద్యార్థికి ఛాతీలో కణితికి ఆపరేషను చేస్తే కాళ్ళు చచ్చుబడిపోయాయి. పరీక్ష కోసం ముక్క తియ్యటానికి ఇచ్చిన అంగీకారంతో కణితి మొత్తం తీసేశారన్నది అందులో ముఖ్యమైన వివాదం. సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇచ్చింది 2009లో. పందొమ్మిదేళ్ళు. చక్రాల కుర్చీలో కూర్చుని అతను తన కేసు తనే వాదించుకున్నాడు. అతను ఫిర్యాదు దాఖలు చేసి ఉన్నాడు కాబట్టే అన్నేళ్ళ తరవాతైనా న్యాయం దక్కింది.

ఇక గడువు. మా కథలో మిగిలింది ఇదే. అంటారియోలో 2004 జనవరి 1 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, దెబ్బ తగిలిందని, అది ఫలానావారి వల్లనని మనకి తెలిసిన రోజు నుంచి, లేదా తెలిసి ఉండవలసిన రోజు నుంచి, రెండేళ్ళలో దావా వెయ్యాలి. ఆలస్యంగా తెలిసినా మొత్తం మీద 15 ఏళ్ళు దాటకూడదు. చిన్నపిల్లల విషయంలో, తెలివి సరిగ్గా లేనివాళ్ళ విషయంలో వేరే నియమాలున్నాయి. కాని మామూలు మనిషికి రెండేళ్ళే.

2021 అక్టోబరులో కాలు కాలింది. 2022 జూన్‌లో, ఒక మిత్రుడు మరీ మరీ చెప్తే, కాలేజికి ఫిర్యాదు రాశాం. 2023 వేసవి చివర్లో నిర్ణయం వచ్చింది. ఆ ఫిజియోథెరపిస్టు సహాయకులకి పని అప్పగించే పద్ధతి మీద, వేడి చికిత్సల మీద మళ్ళీ శిక్షణ పొందాలని. ఎవరి ఉద్యోగమూ పోలేదు. మేము పండగ చేసుకున్నంత సంతోషపడ్డాం. కేసు గెలిచామనుకున్నాం. ఆ తరవాత దసరా, దీపావళి, క్రిస్టమస్ సెలవలు. బీమా ఇవ్వగా మా చేతిలోంచి పోయింది దాదాపు 7 వేల డాలర్లు. అది అడుగుదామని 2024 జనవరిలో ఒక లాయరు దగ్గరికి వెళ్ళాం. ఫొటోలు, రసీదులు, రికార్డు, కాలేజి నిర్ణయం, అన్నీ వరసగా ఫైలులో పెట్టి తీసుకెళ్ళాం. ఆయన ఫైలు తెరవకుండానే "కాలింది ఏ రోజు?" అని అడిగాడు. చెప్పాం. వేళ్ళు లెక్కపెట్టాడు. ఫైలు మా వైపు తోశాడు.

కాలదోషం పట్టింది. కాలేజి ఫిర్యాదు నడుస్తున్నంతకాలం గడియారం ఆగదట. మేము ఆగుతుందనుకున్నాం. మినహాయింపులు కొన్ని ఉన్నా మా విషయంలో నిలవవని ఆయన నిజాయితీగా చెప్పాడు, ఫీజు కూడా తీసుకోలేదు. ఇద్దరం చదువుకున్నవాళ్ళం, ఆఫీసుల్లో గడువులు పెట్టి పని చేయించేవాళ్ళం. కారులో ఇంటికి వచ్చేదాకా ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

కాబట్టి ఆ సోదరికి, అలాంటి అవస్థలో ఉన్న మరెవరికైనా మేము చెప్పేది ఇది. దెబ్బ తగిలిన రోజునే వేరే డాక్టరుకి చూపించండి, ఫిజియోథెరపీ తరవాత అని చెప్పి రాయించండి. తేదీ కనపడేలా ఫొటోలు తియ్యండి. ఎవరు చేశారో, ఏమన్నారో ఆ రాత్రే ఒక కాయితం మీద రాసి పెట్టండి. రసీదులు పారెయ్యకండి. రికార్డు అడగండి. క్యాలెండరులో దెబ్బ తగిలిన తేదీ నుంచి సరిగ్గా ఏడాదికి ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. ఆ లోపల, దావా వేసినా వెయ్యకపోయినా, లాయరుతో ఒక్కసారి మాట్లాడండి. కాలేజికి రాయటం, లాయరుతో మాట్లాడటం రెండూ ఒకేసారి చెయ్యొచ్చు. దెబ్బ మొదట పనిలో తగిలినదో, కారు ప్రమాదంలో తగిలినదో అయితే వాటి నియమాలు వేరు, వాటి గడువులు ఇంకా చిన్నవి ఉండొచ్చు, మరీ త్వరపడండి. పెద్దవాళ్ళని క్లినిక్కులో వదిలి షాపింగుకి వెళ్ళకుండా పక్కన కూర్చోండి. మేము ఆరోజు పక్క దుకాణంలో పాలు కొంటున్నాం.

మిగతా రాష్ట్రాల్లో ఉన్న సభ్యుల బంధువులకోసం నాలుగు మాటలు. బ్రిటిష్ కొలంబియాలో కూడా దావాకి మామూలు గడువు రెండేళ్ళే. అక్కడ ఫిజికల్ థెరపిస్టుల కాలేజి 2024 జూన్ 28న మరికొన్నింటితో కలిసి కాలేజి ఆఫ్ హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషనల్స్ అయింది, ఫిర్యాదు అక్కడికి. ఆల్బర్టాలో గడువు రెండేళ్ళు, చిన్న దావాల పరిమితి 2023 ఆగస్టు నుంచి లక్ష డాలర్లు. క్విబెక్‌లో గడువు మూడేళ్ళు, ఫిర్యాదు ఆ వృత్తికి చెందిన ఆర్డర్‌కి. గడువు సంగతి మాత్రం అక్కడి లాయరుని అడిగి ఖాయం చేసుకోండి.

పెద్దావిడ ఇప్పుడు తెనాలిలో ఉన్నారు. మచ్చ ఉంది గాని నడక బాగానే ఉంది, సాయంత్రం గుడిదాకా వెళ్ళొస్తారు. ఇదంతా రాశాక ఫోనులో చదివి వినిపించాం. ఓపిగ్గా విని, "నా పేరు వెయ్యకండి. ఆ పిల్ల పేరూ వెయ్యకండి. కాపడం పెట్టేముందు చెయ్యి పెట్టి చూడమని మాత్రం రాయండి" అన్నారు.

రాశాం. వచ్చే నెల మెంతికూర. సెలవు.